తోడల్లుడి తుపాకి

మిరపకి కాయకుళ్ళు పడితే పురుగుమందుల కొట్లో ఏదో ఒక డబ్బా దొరుకుతుంది. మనిషికి కడుపుకుళ్ళు పడితే ఏ కొట్లోనూ డబ్బా లేదు. అద్దంకి దగ్గర చినగుండ్లపాలెంలో నల్లరేగడి మీద మిరపా పత్తీ పండించే యలమందయ్యకి ఈ రెండో తెగులు పట్టి పదేళ్ళు దాటింది. తెగులు పేరు బసవపూర్ణయ్య. వరసకి తోడల్లుడు. తోడుగా ఉండడు, పోనీ వదిలేద్దామంటే ఆ ఇంటికి అల్లుడు కాకుండానూ పోడు.

పూర్ణయ్యకి తన కంటే ఎక్కువ పొలమేం లేదు. కొడుకులు లేని మామగారు నాగభూషణం ఒకే చెక్కని మధ్యలో గట్టు వేసి, తూర్పుది పెద్దల్లుడు యలమందయ్యకీ పడమటిది చిన్నల్లుడు పూర్ణయ్యకీ సమంగా పంచిచ్చాడు. పూర్ణయ్య చేనుకి అవతల మాబు కౌలు చేను. అందంలోనూ తేడా లేదు. ఒకాయనకి బట్టతల, ఒకాయనకి బానపొట్ట. చదువులో ఇద్దరూ ఒకే తరగతి గుమ్మం దగ్గర ఆగిపోయారు. తేడా అల్లా ఒక్కటే. పూర్ణయ్యకి తుపాకి ఉంది, లైసెన్సుతో సహా. గన్నున్నవాడు ఘనుడైపోతే, లేనివాడు కన్నులున్నందుకు ఆ ఘనతని చూస్తూ కూర్చోవాలి.

ఆ తుపాకి మామగారిది. గుండ్లకమ్మ ఒడ్డు పొదల్లోంచి అడవిపందులు చేలో పడుతుంటే, పంట కాపలాకని ఆయన ఎప్పుడో కొనుక్కున్న జంటగొట్టాల తుపాకి. డెబ్భై దాటి చూపు మందగించాక, లైసెన్సు ఇంట్లోవాళ్ళ పేరుకి మార్చుకోవచ్చనీ, కొడుకులు లేకపోతే అల్లుళ్ళయినా పనికొస్తారనీ ఆయనకి తెలిసింది. ఒక ఆదివారం మధ్యాహ్నం అల్లుళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని భోంచేస్తుంటే, ముందు పెద్దల్లుడినే అడిగాడు.

"ఏమయ్యా యలమందా, తుపాకి నీ పేరున రాయించమంటావా?"

మన వైపు దేన్నైనా మొదటిసారి అడగ్గానే పుచ్చుకుంటే మొహంవాచినవాడి కింద లెక్క. పెరుగు వెయ్యమంటావా అంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి. రెండోసారి అంటే చెయ్యి సగం తియ్యాలి. మూడోసారికి "మీరు మరీనూ" అంటూ గరిటెకి దారివ్వాలి. యలమందయ్య పద్ధతి తెలిసినవాడు. మనసులో అప్పటికే తుపాకి భుజాన తగిలించుకుని ఊరంతా ఒక చుట్టు తిరిగొచ్చి కూడా, పైకి మాత్రం "నాకెందుకులెండి మామయ్యగారూ" అన్నాడు.

మామగారు రెండోసారి అడగడానికి నోరు తెరిచేలోగా, పక్కన గోంగూర కలుపుకుంటున్న పూర్ణయ్య తలెత్తాడు.

"నాకివ్వండి మామయ్యగారూ."

"సరే" అన్నాడు మామగారు. అయిపోయింది. గోంగూర ముద్ద గొంతు దిగేలోగా తుపాకి చేతులు మారింది.

తనకేమీ అభ్యంతరం లేదని యలమందయ్య సంతకం కూడా పెట్టాల్సి వచ్చింది. పెట్టనంటే ఆశపడ్డాడని తెలిసిపోదూ? పెట్టాడు. ఆ పూట పెన్ను పట్టుకున్న వేళ్ళు ఇప్పటికీ మండుతుంటాయి, మిరపకాయల తొడిమలు తీశాక కడుక్కోని చేతుల్లాగా.

ఆ తర్వాత మామగారు పోయారు. తుపాకి మిగిలింది. దాంతోపాటు దాని మర్యాదా మిగిలింది. అత్తగారింట్లో ఒక్కటే చేతుల కుర్చీ, అది పూర్ణయ్యకి. కోడికూరలో కాలు పూర్ణయ్యకి. ఊళ్ళో ఆయన తుపాకి పూర్ణయ్యగారు. పెద్దల్లుడై ఉండీ యలమందయ్య మాత్రం "ఆ రెండో ఆయన". ఇద్దరూ పండించేది కారమే. నమస్కారం, సత్కారం, మమకారం పడమటింటికి పోతే తూర్పింటికి మిగిలింది వెటకారం.

పందుల సంగతి మరీ ఘోరం. పూర్ణయ్య మంచె మీంచి ఢామ్మని ఒకటి వినపడగానే అవి పడమటి చేలోంచి గట్టు దాటి తూర్పు చేలో పడేవి. మిరపకాయని అవి తినవు, తొక్కుతాయి. తిన్నా కొంత నయం, కారం తగిలి బుద్ధొచ్చేది.

"పందులక్కూడా తెలుసే, తుపాకి ఎవరి చేలో ఉందో" అన్నాడు ఒకనాడు భార్య రాఘవమ్మతో.

"మీకు మాత్రం తెలీదా ఏంది. పొద్దస్తమానం అటువైపేగా గురి" అంది రాఘవమ్మ అన్నం వడ్డిస్తూ.

అన్నిటికంటే దసరా పెద్ద హింస. ఆయుధపూజ నాడు అత్తగారు అంకమ్మ వాకిట్లో మంచం వేయించి కొత్త దుప్పటి పరిచేది. చుట్టూ కొడవళ్ళు, స్ప్రేయరు, ట్రాక్టరు తాళాలు, నడిమధ్య తుపాకి. ఆవిడకి అది తుపాకి కాదు, పోయిన మొగుడు. పసుపు నీళ్ళతో అభిషేకం చేసి, గంధం మెత్తి, కుంకుమ అద్ది, నెయ్యి రాసి, ఒక్కో గొట్టంలో ఒక్కో బంతిపువ్వు దోపి, కళ్ళు తుడుచుకుని లేచేది. ఆయన బతికున్నప్పుడు తలకి నూనె రాయమన్నా ఒప్పుకునేవాడు కాదు, ఇప్పుడు కిమ్మనడం లేదు కాబట్టి ఏడాదికేడాదికీ మోతాదు పెంచింది. పూజయ్యాక పూర్ణయ్య తుపాకి భుజానేసుకుని, "జనంలో వద్దు, ప్రమాదం" అని వరిగడ్డి వామి వెనక్కి పోయేవాడు. కాసేపటికి ఢాం. కాకులన్నీ లేచేవి. పూర్ణయ్య మీసం తడుముకుంటూ ఇవతలికొచ్చేవాడు. గురి చూసి ఒక్క పిట్టని కొట్టిన పాపాన పోకుండానే ఇంత గౌరవానికి గురైనవాడు జిల్లా మొత్తానికి ఈయనొక్కడే అయ్యుండాలి.

* * *

చివరికి యలమందయ్యా పంట కాపలాకే తుపాకి కావాలని దరఖాస్తు పెట్టాడు. కలెక్టరాఫీసు తిప్పి కొట్టింది. పక్క చేలో, అదీ సొంత తోడల్లుడి చేతిలోనే లైసెన్సు తుపాకి ఉండగా మళ్ళీ ఇంకోటెందుకు, ఆయన్ని సాయం అడగరాదా అన్నది దాని సారాంశం.

ఆయన్ని సాయమడగాలట. ఆ ఒక్క ముక్క కోసమే యలమందయ్య గుంటూరు బస్సెక్కి, బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటరు పైన మేడ మీదుండే లాయరు శ్యామ్ సుందర్ దగ్గరికి పోయాడు. కింద పిల్లలు ఎక్కాలు అప్పజెప్తున్నట్టు ఫార్ములాలు అప్పజెప్తుంటే, పైన శ్యామ్ సుందర్ కాయితాలు చదివి కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు.

"ఈ కేసులు చాలా చూశానండీ. తుపాకి కావాలన్న ప్రతివాళ్ళూ పందుల పేరే చెప్తారు. పందులొచ్చి వకాల్తా మీద వేలిముద్ర వెయ్యవుగదా. మన దేశంలో తుపాకి హక్కు కాదు, అవసరం చూపిస్తే ఇచ్చే అనుమతి. పక్కనే ఒకటుందంటున్నారు. అప్పీలుకెళ్ళినా అదే అడుగుతారు."

"అది లేదనుకోండి?"

"లేకపోవడం ఏంటండీ?"

"అంటే, దాని లైసెన్సు రద్దయిందనుకోండి."

లాయరు కళ్ళజోడు మళ్ళీ ముక్కు మీదికి దించుకుని ఆయన్ని పరిశీలనగా చూశాడు. "ఒక మాట చెప్పండి యలమందయ్యగారూ. మీకు తుపాకి కావాలా, ఆయనకి ఉండకూడదా? రెండిటికీ దారులు వేరు."

యలమందయ్య నిజాయితీగా ఆలోచించాడు. "రెండూనండి. ఒకటే అవుద్దంటే రెండోది."

దసరానాటి ఢాం సంగతి అప్పుడు బయటపెట్టాడు. పండగలకీ పెళ్ళిళ్ళకీ సరదాగా తుపాకి కాల్చడం ఇప్పుడు నేరమనీ, రుజువైతే లైసెన్సు పోవడమే కాదు, రెండేళ్ళదాకా జైలు కూడా ఉందనీ శ్యామ్ సుందర్ చెప్పాడు. చెప్పి, ఇంకో మాట కూడా అన్నాడు.

"ఫిర్యాదు కూడా తుపాకిలాంటిదేనండోయ్. పేల్చినవాడి భుజాన్నే ముందు తన్నుద్ది. ఆలోచించుకోండి."

"ఆలోచించే వచ్చానండి, పదేళ్ళు" అన్నాడు యలమందయ్య.

అప్పీలూ ఫిర్యాదూ ఒక్కరోజే వెళ్ళాయి. ఊరంతా విన్న చప్పుడు కాబట్టి సాక్షులకి కొదవలేదు. పోలీసులొచ్చి తుపాకి పట్టుకెళ్ళారు. పూర్ణయ్యకి నోటీసొచ్చింది. నోటి మాటతో గెలుచుకున్న తుపాకి నోటీసు మాటతో పోయిందని యలమందయ్య కల్లం దగ్గర కూలీలకి చెప్పుకుని నవ్వాడు. వాళ్ళు నవ్వలేదు.

అక్కడే దెబ్బ తగిలింది. తుపాకి పోతే పూర్ణయ్య మామూలు మనిషి అయిపోతాడని యలమందయ్య లెక్క. అయ్యాడా? తుపాకి ఉన్న పూర్ణయ్యకి నమస్కారం పెట్టేవాళ్ళు ఇప్పుడు ఇంటికెళ్ళి పలకరించొస్తున్నారు. మాబు జున్నుపాలు పంపాడు. అత్తగారు ఒక కోడికాలు బదులు రెండు కాళ్ళూ వెయ్యడం మొదలుపెట్టింది. "పాపం పూర్ణయ్య" అనే మాట "తుపాకి పూర్ణయ్య" కంటే ఇంకో బెత్తెడు ఎత్తున కూర్చుంది. ఉంటే గౌరవం, పోతే సానుభూతి. ఆ మనిషికి ఎటు తిరిగినా కాయే, తనకి ఎటు తిరిగినా తాలే.

* * *

విచారణకి ముందురోజు, కల్లంలో ఎండబోసిన కాయల్ని యలమందయ్య కాళ్ళతో తిరగేస్తుంటే పూర్ణయ్య భార్య సామ్రాజ్యం వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మిరప ఘాటుకో మొగుడి ఘాటుకో తెలీలేదు. అక్క రాఘవమ్మ వెంటే వచ్చి పక్కన నిలబడింది.

"బావా, దణ్ణం పెడతా. ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకోండి."

"చట్టం దారిన చట్టం పోతంది సామ్రాజ్యం. మధ్యలో నాదేముంది?"

"అది పేలదు బావా."

"ఏది?"

"తుపాకి. నాన్న పోయాక వచ్చిన దసరాకి వామి వెనక్కెళ్ళి, తూటా పెట్టేముందు నొక్కి చూస్తే కదల్లేదంట. ఇవతల ఊరు ఊరంతా చెవులు మూసుకుని నుంచునుంది. ఏం చెయ్యాల? పందులకని తెచ్చిన దీపావళి బాంబు జేబులో ఉంటే ముట్టించాడు. అప్పట్నించీ మంచె మీదా అదే, దసరాకీ అదే."

యలమందయ్య కాళ్ళు కాయల మధ్య ఆగిపోయాయి. "గుంటూరు తీసుకెళ్ళి బాగు చేయించొచ్చుగా?"

"తీసుకెళ్తే తెలిసిపోదా? పూర్ణయ్య తుపాకి పేలదంట అని అద్దంకి సెంటర్లో చెప్పుకోరూ?"

ముందు సంతోషం వచ్చింది. పొట్ట పట్టుకు నవ్వేంత సంతోషం. నవ్వు పొట్ట దాకా చేరకముందే దాని వెనకాల పాత తెగులు కొత్త మొలక వేసింది. అంటే ఆ చేతుల కుర్చీ, ఆ కోడికాలు, "రండి రండి పూర్ణయ్యగారూ" అనే ఆ పిలుపులు, ఇవన్నీ ఒక టపాకాయతో సంపాదించాడా? తుపాకి ఉండి గౌరవం తెచ్చుకుంటే అది తుపాకి గొప్ప. పేలని తుపాకితో తెచ్చుకుంటే అది మనిషి గొప్ప. ఇన్నాళ్ళూ తను కుళ్ళింది ఇనప గొట్టాన్ని చూసి. ఇక మనిషిని చూసి కుళ్ళాలి. అగ్గిపెట్టె తన జేబులోనూ ఉంది. ఆ ఆలోచన తనకెందుకు రాలేదు?

"మరింకేం. రేపక్కడ టపాకాయని చెప్పెయ్యమను. కేసే ఉండదు" అంది రాఘవమ్మ.

"అదేగా అక్కా ఏడుపు. చెప్పనంటున్నాడు. ఊళ్ళోవాళ్ళంతా వస్తన్నారు, వాళ్ళ ముందు టపాకాయ మాట ఎత్తే కంటే కాల్చానని ఒప్పుకుని జైలుకి పోతానంటున్నాడు." సామ్రాజ్యం కొంగు నోట్లో కుక్కుకుంది. "ఆయనకి బీపీ కూడా ఉంది బావా."

యలమందయ్య వంగి తాలుకాయలు ఏరడం మొదలుపెట్టాడు. మంచివి కూడా తాలులో పడేస్తున్నాడని రాఘవమ్మ చూసింది.

* * *

మర్నాడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని యలమందయ్య ఒక ఊరేగింపు చూశాడు. బయట రోడ్డు మీద పత్తి లారీలు తప్ప ఏమీ లేవు. ఊరేగింపు తలలో నడుస్తోంది. జైలు నుంచి పూర్ణయ్య తిరిగొస్తున్నాడు. మెడలో బంతిపూల దండ. ట్రాక్టరు మీద కుర్చీ, అదే చేతుల కుర్చీ. ముందు డప్పులు. "సర్కారుకే ఎదురెళ్ళి తుపాకి పేల్చిన మొనగాడు" అని మాబు అందరికీ చెప్తున్నాడు. ఇక ఆ పేరు చచ్చినా పోదు. పిల్లలకి పెడతారు. తనే, తన చేతులారా ఫిర్యాదు పెట్టి, పేలని తుపాకిని పేలినట్టు చరిత్రలోకి ఎక్కించబోతున్నాడు.

కలెక్టరాఫీసులో విచారణాధికారి జాస్మిన్ మేడం. పొట్టి మనిషి, నెమ్మది గొంతు. గది బయట వరండాలో చినగుండ్లపాలెం సగం దిగింది. అత్తగారు అంకమ్మ కూడా వచ్చి తలుపు దగ్గర బల్ల మీద కూర్చుంది. పూర్ణయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వధ్యశిలకి పోయే పెళ్ళికొడుకులా ఉన్నాడు.

"బసవపూర్ణయ్యగారూ, దసరా రోజు మీ లైసెన్సు తుపాకితో గాల్లోకి కాల్చారా?"

పూర్ణయ్య వరండా వైపు చూశాడు. మీసం తడుముకున్నాడు. "కాల్..."

"కాల్చలేదండీ." లేచి నిలబడింది యలమందయ్య. "అది తుపాకి కాదండీ. టపాకాయండీ."

వరండాలో ఎవరో దగ్గారు. జాస్మిన్ మేడం ఫైలు తిరగేసింది. "మీ పేరు?"

"యలమందయ్యండి."

"కాల్చారని ఫిర్యాదు పెట్టింది మీరే కదండీ?"

"నేనేనండి. తెలీక రాశానండి. కాల్చేంత లేదండి ఆయనకి."

పూర్ణయ్య మొహం పండుమిరపకాయ అయింది. "అన్నయ్యా, నేను కాల్చాను."

"కాల్చలేదు తమ్ముడూ."

"నా తుపాకి. నా చెయ్యి. నేను కాల్చానంటన్నాగా."

"నీ తుపాకి, నీ చెయ్యి, నీ అగ్గిపుల్ల. అది పేలదమ్మా, కావాలంటే మీరే చూసుకోండి."

శ్యామ్ సుందర్ ఫైలు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. లోపల ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో కనపడలేదు. నేరం మోపినవాడు చెయ్యలేదంటాడు, మోపబడ్డవాడు చేశానంటాడు. ఇలాంటి వ్యాజ్యానికి ముద్దాయి ఎవరో తేల్చడానికి ముందు ఒక కేసు వెయ్యాలి.

"ఇద్దరూ కూర్చోండి" అంది జాస్మిన్ మేడం. "తూటాలెక్కడున్నాయి పూర్ణయ్యగారూ?"

తూటాల పెట్టె తుపాకితోపాటే వచ్చింది. మామగారి కాలంనాటి పెట్టె, మామగారి కాలంనాటి తాడు, మామగారు వేసిన ముడి. ఆవిడ విప్పని ఆ ముడిని చూసింది, పూర్ణయ్యని చూసింది. తుపాకిని పరీక్ష చెయ్యమని పోలీసు ఆయుధాల మరమ్మతు చూసే ఇమాం హుస్సేన్ గారికి పంపింది.

సాయంత్రం పోలీసు మైదానంలో అందరూ చేరారు. ఇమాం హుస్సేన్ తుపాకిని మడత దగ్గర విరిచి తెరిచి, మరలు ఊడదీసి, లోపల సన్న కమ్మీ పెట్టి గోకాడు. మొదట పసుపు రాలింది. తర్వాత కుంకుమ. ఆ తర్వాత గంధమూ నెయ్యీ కలిసి గట్టిపడ్డ ముద్దలు, తిరుపతి లడ్డు మూల విరిగినట్టు విరిగి పడ్డాయి. చివరికి ఎండిన బంతిపూల రెక్కలు.

"ఎవరండీ ఇన్ని పూజలు చేసింది?"

"నేనే నాయనా" అంది అంకమ్మ ముందుకొచ్చి. "తప్పా?"

"తప్పేం లేదమ్మా. నూనె పెట్టాల్సిన చోట నెయ్యి పెట్టారు, అంతే. మీ భక్తికి తుపాకి ఊపిరాడక ఉండిపోయింది." ఆయన కిరసనాయిలుతో కడిగి, తుడిచి, నూనె చుక్కలు వేసి, మళ్ళీ బిగించాడు. డిపార్టుమెంటు తూటా ఒకటి పెట్టి, అందర్నీ వెనక్కి జరగమని, ఇసకబస్తాల వైపు గురిపెట్టి నొక్కాడు.

అది ఢాం కాదు. ఢాం అనేది టపాకాయ అనే మాట. ఇది మాట కాదు, దెబ్బ. అంకమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. "ఆయనే" అంది. పూర్ణయ్య ఇంకా చెవుల్లోంచి వేళ్ళు తియ్యలేదు. పదేళ్ళ నుంచి తన భుజాన ఉన్నదేమిటో అతనికి ఇవాళే తెలిసింది.

* * *

ఉత్తర్వులు రెండూ ఒకే వారంలో వచ్చాయి. మొదటిది: కాల్చినట్టు రుజువు కాలేదు కాబట్టి పూర్ణయ్య తుపాకి పూర్ణయ్యకి ఇచ్చెయ్యాలి, జనం మధ్య టపాకాయల వేషాలు మానమని హెచ్చరిక. తుపాకి చక్కగా పనిచేస్తోందని ధ్రువీకరణ. రెండోది: యలమందయ్య అప్పీలు కొట్టివేత. కారణం: పక్క చేలో చక్కగా పనిచేస్తున్నట్టు ఇటీవలే ధ్రువీకరించిన తుపాకి ఒకటి ఉంది.

శ్యామ్ సుందర్ ఫోన్లో చదివి వినిపించాడు. "సర్కారు చేత మీ తోడల్లుడి తుపాకి బాగు చేయించిపెట్టారండీ. ఇలాంటి మేలు సొంత అన్న కూడా చెయ్యడు. వెనక్కి తన్నుద్దని చెప్పానా?"

"చెప్పారండి" అన్నాడు యలమందయ్య.

ఆ వారం పడమటి చేలోంచి ఒక్కటంటే ఒక్కటే మోత వినపడింది. నిజమైన మోత. పందులు గుంపుగా తూర్పు చేలో పడి, రెండు సాళ్ళు పొర్లి పోయాయి. తర్వాత మళ్ళీ వినపడలేదు. ఎందుకో యలమందయ్యకి అర్థం కాలేదు.

మూడోనాటి మధ్యాహ్నం పూర్ణయ్యే వచ్చాడు. కుడి భుజానికి పసరు కట్టు. ఎడమ భుజాన తుపాకి. దాన్ని పామును దించినట్టు గోడకి ఆనించి, దూరంగా జరిగి కూర్చున్నాడు.

"ఏమైంది భుజం?" అన్నాడు యలమందయ్య.

"తన్నింది." పూర్ణయ్య గొంతు తగ్గించాడు. "మంచె మీంచి కింద పడ్డా అన్నయ్యా. ఇదిట్టా తన్నుద్దని నాకేం తెలుసు? టపాకాయ తన్నదు గదా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. రాఘవమ్మ వింటోందన్నమాట.

"ఆరోజు నా పరువు తీద్దామనే లేచావు. తెలుసు" అన్నాడు పూర్ణయ్య. "అయినా ఇవాళ ఇంట్లో తింటన్నానంటే నీ మూలానే. మామయ్యగారు ముందడిగింది కూడా నిన్నే. నేను దీన్ని సరెండర్ చేసేస్తా. పక్క చేలో తుపాకి ఉందనేగా నీకివ్వంది? ఉండదు. నువ్వు మళ్ళీ దరఖాస్తు పెట్టుకుని దీన్నే తీసుకో. ఏమంటావు?"

పదేళ్ళు. ఒక్క ఈ మాట కోసం. యలమందయ్య మనసు లేచి వెళ్ళి తుపాకి భుజానికెత్తుకుంది. నాలుక మాత్రం ఉన్నచోటే కూర్చుని, తాతల నాటి పద్ధతిలో, తనంతట తాను తిరిగింది.

"నాకెందుకులే తమ్ముడూ."

అన్నాక విన్నాడు. చెయ్యి కూడా ముందుకొచ్చి, లేని విస్తరి మీద అడ్డంగా ఆగిపోయి ఉంది.

పూర్ణయ్య రెండోసారి అడిగే జాతి కాదు. "సరే" అని లేచాడు.

"మరిదీ, కూర్చో" అంది రాఘవమ్మ గరిటెతో గుమ్మంలోకొచ్చి. "ఇంకోసారి అడుగు. మీ అన్నయ్యకి మొదటిసారి వినపడదు."

"ఈ రెండోసారులు మూడోసారులు నాకు చేతకాదు వదినా. అయినా వద్దన్న మనిషిని బలవంతపెట్టడమెందుకు? మాబు కూడా పందులతో అవస్థ పడతన్నాడు. వాడినడుగుతా. వాడైతే..."

మాబు. చేతుల కుర్చీలో మాబు. తుపాకి మాబుగారు. జున్నుపాలిచ్చి తుపాకి కొట్టేసిన మాబు.

"మాబుకెందుకయ్యా" అన్నాడు యలమందయ్య. అన్నాననుకునేలోగా మంచం మీంచి లేచి, తుపాకికీ పూర్ణయ్యకీ మధ్య నిలబడి ఉన్నాడు. "నేను తీసుకుంటా. రేపే బ్రాడీపేట పోదాం. ఇద్దరం పోదాం. కూర్చో."

పూర్ణయ్య కూర్చున్నాడు. రాఘవమ్మ ఇద్దరికీ విస్తళ్ళు వేసింది. వంకాయ కూర అయింది, పప్పు అయింది. చివర్లో పెరుగు గిన్నె పట్టుకొచ్చి "వెయ్యమంటారా?" అంది.

"వెయ్యి" అన్నాడు యలమందయ్య, మొదటిసారికే.

వేసింది. కలుపుకుంటూ ఆయన ఓరగా పక్కకి చూశాడు. తోడల్లుడి విస్తట్లో పెరుగు ఒక గరిటె ఎక్కువున్నట్టు అనిపించింది.